బ్రిగేడియర్ ఏ ఏడాది రిటైరయ్యాడు? సీరియల్ తేదీల చిక్కు దగ్గర కూర్చునే పద్ధతి

పగలంతా నా పని దస్తావేజులు చదవడం. ఏలూరులో బ్యాంకు లోన్లకు లీగల్ ఒపీనియన్ రాస్తాను. ముప్పై ఏళ్ల ఈసీ, లింక్ డాక్యుమెంట్లు, తాత పేరు ఒకదాంట్లో వెంకయ్య, ఇంకోదాంట్లో వెంకటేశ్వర్లు. రాత్రి భోజనాలయ్యాక చూసేది డాక్టర్ హూ, కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగే డాక్టర్ అనే గ్రహాంతరవాసి కథల బ్రిటిష్ టీవీ సీరియల్. అక్కడా ఇదే పని తగులుతుందని అనుకోలేదు.

ఈ పిచ్చి అంటించింది ఇంగ్లండ్‌లో రీడింగ్‌లో ఉండే మా అక్క కొడుకు. ఒక ఆదివారం ఫోన్ చేసి, "పిన్నీ, యూనిట్ కథలు ఏ ఏడాదిలో జరిగాయో తేల్చు చూద్దాం" అన్నాడు. అభిమానులు దశాబ్దాలుగా కొట్టుకుంటున్న తగాదా అది. నేనూ తేల్చలేదు, కానీ ఇలాంటి చిక్కు విప్పడానికి ఎలా కూర్చోవాలో మాత్రం తెలిసింది. కొత్తగా ఇందులోకి దిగేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ప్రశ్నను చిన్నది చేసుకోండి. "యూనిట్ కథలు ఎప్పుడు జరిగాయి" అంటే రాత్రి రెండింటిదాకా వాదించుకుని నిద్రపోతాం. యూనిట్ అంటే గ్రహాంతరవాసుల బెడద చూసుకునే సైనిక దళం. దాని పెద్ద బ్రిగేడియర్ లెత్‌బ్రిడ్జ్-స్టీవర్ట్, ఆ పాత్ర వేసింది నికోలస్ కోర్ట్నీ. ఆయన ఏ సంవత్సరంలో రిటైరయ్యాడు? ఇలా అడిగితే కాగితం మీద పెట్టడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

తర్వాత ఒక నోట్‌బుక్, ఒక పెన్సిల్. పెన్ వద్దు. పేజీలో రెండు గడులు గీయండి: ఎపిసోడ్ టీవీలో వచ్చిన తేదీ ఒకటి, కథ లోపల చెప్పిన తేదీ ఒకటి. దస్తావేజులో రాసిన తేదీ వేరు, రిజిస్టరైన తేదీ వేరు కదా, అలాగే. వరస మాత్రం టీవీలో వచ్చిన తేదీ ప్రకారమే పెట్టాలి. కథ లోపలి తేదీల్నే కదా మనం అనుమానిస్తున్నది, వాటితోనే వరస పెడితే ఎలా?

నా పేజీ ఇలా వచ్చింది. 1968లో వచ్చిన ది వెబ్ ఆఫ్ ఫియర్‌లో మనవాడు ఇంకా కల్నలే. టిబెట్‌లో 1935లో జరిగిన సంగతిని నలభై ఏళ్ల కిందటి మాట అంటారు. అంటే కథ దాదాపు 1975. అదే ఏడాది వచ్చిన ది ఇన్వేజన్‌లో బ్రిగేడియర్ అయిపోయాడు, ఆ గొడవ జరిగి నాలుగేళ్లయిందంటాడు. అంటే 1979. 1975లో వచ్చిన పిరమిడ్స్ ఆఫ్ మార్స్‌లో, యూనిట్‌తో తిరిగే సారా జేన్ తనది 1980 అంటుంది. 1983లో వచ్చిన మాడ్రిన్ అన్‌డెడ్ మాత్రం ఆయన 1976లోనే రిటైరై, 1977లో ఒక బడిలో లెక్కల మాస్టారుగా ఉన్నాడని చూపిస్తుంది.

కలిపి చదివితే, 1979 నాటికి బ్రిగేడియర్‌గా కనిపించిన మనిషి 1976లోనే రిటైరయ్యాడు. ఏ సర్వీస్ రిజిస్టర్‌లోనైనా ఇలా ఉంటే ఆ పెన్షన్ ఫైలు ఈ జన్మలో కదలదు.

ఇక్కడ చాలామంది వెంటనే కారణాలు అల్లేస్తారు. ఆగండి. ముందు అసలు కాగితం చూడాలి. సారాంశాలు, అభిమానులు రాసిన పట్టికలు జిరాక్సుల్లాంటివి. ఈ విషయంలో నేనే బొక్కబోర్లా పడ్డాను. సారా జేన్ 1980 అన్నది నోరు జారి అన్నదేనని, ఒక్క మాటకు అంత విలువ ఎందుకని మావాడి మీద ఎగిరాను. కథ జరిగేది 1911లో. లోకం 1911లో అంతం కాలేదని నాకు తెలుసుగా, మనం వెళ్లిపోదాం పద అంటుంది సారా. ఇదీ నాకు గుర్తున్న సీను. మావాడు ఏమీ మాట్లాడకుండా ఆ తర్వాతి నిమిషం పెట్టి చూపించాడు. డాక్టర్ తన కాలయానపు బండి టార్డిస్‌ను నేరుగా 1980కి తీసుకెళ్తాడు. ఇదిగో నీ 1980, దిగుతావా అన్నట్టు తలుపు తీస్తాడు. బయట ఊరు లేదు, చెట్టు లేదు, హోరుగాలి, బూడిద రంగు నేల. 1911లో శత్రువును ఆపకుండా వదిలేస్తే మిగిలేది అదీ. అంటే ఆ సంవత్సరాన్ని ఇద్దరు పలికారు, ఒకరు బండి నడిపి మరీ చూపించారు. నోరు జారిన మాట కోసం సెట్టు వెయ్యరు కదా. నా పెన్సిల్ రాత చెరిపేశాను.

అసలు కాగితమే దొరకని సందర్భాలూ ఉంటాయి. బీబీసీ ఆ రోజుల్లో పాత టేపులు చెరిపేసి మళ్లీ వాడుకునేది. వెబ్ ఆఫ్ ఫియర్‌లో చాన్నాళ్లు మొదటి ఎపిసోడ్ ఒక్కటే మిగిలింది. నైజీరియాలో జోస్ అనే ఊళ్లోని టీవీ స్టేషన్‌లో ఇంకో నాలుగు బయటపడ్డాయని 2013లో తెలిసింది. అప్పట్లో కుర్రాళ్లు ఇంట్లో టేప్ రికార్డర్ పెట్టి పట్టుకున్న ఆడియో ఉండబట్టి, బొమ్మ లేకపోయినా మాటలు మిగిలాయి. అలాంటివాటిని చెవితో విని రాసుకోండి, పక్కన "ఆడియో" అని గుర్తు పెట్టండి.

సాక్ష్యాలన్నీ ఒక్క బరువు తూగవు. పాత్ర నోటితో చెప్పిన సంవత్సరం అన్నిటికంటే గట్టిది. మనం కూడికలు తీసివేతలు చేసి రాబట్టినది దాని తర్వాత. 1970 నాటి కథలో బ్రిటన్ మనుషుల్ని అంగారకుడి దాకా పంపేస్తుంది, 1975 నాటి కథలో బ్రిగేడియర్ ఫోన్లో మాట్లాడే ప్రధాని ఆడమనిషి. బ్రిటన్‌కు మహిళా ప్రధాని వచ్చింది 1979లో. ఇవి చూసి ఎగిరి గంతేసేవాళ్లున్నారు. ఇవన్నీ కలిపి చెప్పేది ఒక్కటే, కథ కొంచెం ముందు కాలంలో జరుగుతోందని. సంవత్సరం చెప్పవు. కార్లూ ప్యాంట్లూ అసలు లెక్కలోకే తీసుకోకండి, షూటింగ్ రోజున ఏది దొరికితే అది వచ్చి నిలబడింది.

ఇప్పుడు కారణం వెతకండి. నోట్‌బుక్‌లో ఎడమ పేజీ కథ లోపలి కారణాలకు, కుడి పేజీ బయటి కారణాలకు. రెండూ కలపకండి. మాడ్రిన్ అన్‌డెడ్‌నే తీసుకోండి. అందులోని మాస్టారు ఉద్యోగం బ్రిగేడియర్ కోసం రాసింది కాదు. 1963లో డాక్టర్‌తో బయల్దేరిన సైన్స్ మాస్టారు ఇయాన్ చెస్టర్టన్‌ను మళ్లీ తీసుకొద్దామనుకున్నారు. ఆ నటుడికి కుదరలేదు, చివరికి ఆ కుర్చీలో బ్రిగేడియర్ కూర్చున్నాడు. కథలో 1977 రాణిగారి రజతోత్సవం ఏడాది, చూసేవాళ్లకు ఇట్టే గుర్తొస్తుంది. పాత యూనిట్ కథల లెక్కతో ఆ ఏడాదికి పొత్తు లేదు. పొత్తు లేని లెక్క వచ్చి లెక్కల మాస్టారి మీదే పడింది పాపం. ఇది కుడి పేజీ సంగతి. ఎడమ పేజీలో నేను రాసుకున్నది ఖాళీ గీత ఒక్కటే.

తర్వాతి కాలంలో సవరణ దస్తావేజు ఏమైనా పుట్టిందేమో కూడా చూడాలి. స్టార్ ట్రెక్ అనే అమెరికన్ సీరియల్‌లో క్లింగాన్లనే గ్రహాంతర జాతికి 1960ల్లో మామూలు నుదురు, 1979 సినిమాలో గట్లు తేలిన నుదురు. 1996లో దాని మీద ఒక జోకు వేసి వదిలారు, 2005లో మాత్రం ఒక వైరస్ వల్ల అలా అయిందని రెండు ఎపిసోడ్లు పెట్టి సరిచేశారు. డాక్టర్ హూ వాళ్లు ఆ జోకు దగ్గరే ఆగిపోయారు. యూనిట్‌లో పనిచేసింది డెబ్బైల్లోనా, ఎనభైల్లోనా అని 2008లో డాక్టర్‌కే గుర్తుండదు. 2013లో యాభై ఏళ్ల ఎపిసోడ్‌లో బ్రిగేడియర్ కూతురు కేట్ ఒక పాత ఫైలు అడుగుతూ, ఏ పద్ధతిలో లెక్కేస్తే ఆ దశాబ్దం అంటుంది. సర్వేయరే వచ్చి రెండు గట్లూ రైటేనని చెప్పి టీ తాగి వెళ్లిపోయినట్టుంది.

చివరికి ఒపీనియన్ రాయండి, నాలుగు వాక్యాలు చాలు. మీరు దేన్ని పక్కన పెడుతున్నారో, ఎందుకో అందులో ఉండాలి. నాది: మూడు కాగితాలు ఒకవైపు, ఒకటి ఒకవైపు, 1976ను పక్కన పెడుతున్నాను, ఆయన 1980ల్లో ఎప్పుడో రిటైరయ్యాడు. మావాడు ఒప్పుకోలేదు. నిజంగా జరిగిన ఉత్సవంతో ముడిపడ్డ తేదీ 1977 ఒక్కటే కాబట్టి అదే బలమైనదంటాడు. అదీ తీసిపారేసే మాట కాదు, అందుకే అదీ పెన్సిల్‌తో కింద రాసి ఉంచాను.

మొన్న వాడిదే మళ్లీ మెసేజ్: "పిన్నీ, డాక్టర్‌కి మొత్తం ఎన్ని అవతారాలు?" చావు దగ్గరపడితే డాక్టర్ కొత్త ముఖంతో మారిపోతాడు, ఆ లెక్క అడుగుతున్నాడు. కొత్త పేజీ తీశాను. 1976 జనవరిలో వచ్చిన ఎపిసోడ్‌లో మనం ఎప్పుడూ చూడని ఎనిమిది పాత ముఖాలు. అదే ఏడాది చివర్లో, పన్నెండుసార్లు రూపం మారడంతో సరి అని రూలు.