కర్మాగారంలో భద్రతా కార్యక్రమం నిజంగా పనిచేస్తోందా? అంచనా వేసే పద్ధతి

ముందుగా గాయాల రేటు కట్టండి: పనికి రాలేని స్థితి కలిగించిన గాయాల సంఖ్యను 10 లక్షలతో గుణించి, ఏడాదిలో అందరూ పనిచేసిన మొత్తం గంటలతో భాగించాలి. కాంట్రాక్టు కార్మికులను వదిలేస్తే ఈ లెక్కకు విలువ ఉండదు. గాయాలను దాచినా రేటు తగ్గుతుంది కాబట్టి, త్రుటిలో తప్పిన ప్రమాదాల రిజిస్టరు కూడా చూడండి. వందలమంది ఉన్నచోట నెలల తరబడి ఒక్క నమోదూ లేకపోతే, చెప్పడానికి భయపడుతున్నారని అనుమానించాలి.

తర్వాత కాగితాలు పక్కనపెట్టి పనిచోటికి వెళ్లండి. ట్యాంకులోకి దిగే పనికి ఇచ్చిన పర్మిట్‌పై ఆక్సిజన్ శాతం, దాన్ని కొలిచిన సమయం ఉన్నాయో లేదో చూసి, లోపల కళ్లు తిరిగితే పైనున్నవారు ఏం చేస్తారని దిగబోయే మనిషినే, అది ఒడియా అయినా హిందీ అయినా, అతని భాషలోనే అడగండి.

సైరన్‌ను మోగించే పరీక్షించాలి. 2020 మే 7న విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి లీకైన స్టైరీన్ అనే విషరసాయనపు ఆవిరి ఊరిని కమ్మేసినప్పుడు, మోగించే ఏర్పాటు 36 చోట్ల ఉన్నా సైరన్ మోగలేదని, విచారణకు రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. ఆ తెల్లవారుజామున నిద్రలో ఉన్నవారిని తలచుకుంటే, ‘సైరన్ ఉంది’ అన్న టిక్కుతో ఎవరూ సరిపెట్టుకోలేరు.

గత తనిఖీలో రాసిన లోపాల్లో ఐదింటిని ఎంచుకుని, సరిదిద్దామన్న చోటికి స్వయంగా వెళ్లి చూడండి.