600 గజాల స్థలంలో అపార్ట్‌మెంట్: స్టిల్ట్ పార్కింగ్‌ను ఎలా ప్లాన్ చేయాలి?

హైదరాబాద్‌లో 500, 600 గజాల స్థలంలో కట్టే అపార్ట్‌మెంట్లకు పార్కింగ్ అనుమతి తేలిగ్గానే వస్తుంది. గొడవ మొదలయ్యేది జనం దిగాక. రూల్ చదరపు మీటర్లు చూస్తుంది, కారుకు కావలసింది పిల్లర్ల మధ్య ఖాళీ. కాగితం మీద సరిపోయిన స్టిల్ట్‌లో, అంటే పార్కింగ్ కోసం పిల్లర్ల మధ్య ఖాళీగా వదిలే కింది అంతస్తులో, నిజంగా ఎన్ని కార్లు పడతాయన్నది పిల్లర్లు ఎక్కడ వేస్తారన్న దాన్ని బట్టే తేలుతుంది. పునాది గుంతలు తీశాక దాన్ని మార్చే వీలుండదు. కాబట్టి ఫ్లాట్ల ప్లాన్ గీసి, మిగిలిన చోట కార్లు సర్దే పద్ధతి వదిలేయండి. కార్లు ముందు గీయించండి.

ముందుగా రూల్ ఏమంటోందో చూడండి

తెలంగాణలో భవన నిర్మాణానికి ఆధారం 2012 బిల్డింగ్ రూల్స్, అంటే 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168, దానికి తర్వాత చేసిన సవరణలు. ఆంధ్రప్రదేశ్‌లో కట్టేవాళ్లు చూడాల్సింది 2017 బిల్డింగ్ రూల్స్, జీవో 119.

జీవో 168 పార్కింగ్‌ను కార్ల సంఖ్యలో అడగదు. మొత్తం బిల్టప్ ఏరియాలో ఇంత శాతం అని అడుగుతుంది. ఈ శాతం అపార్ట్‌మెంట్లకు తక్కువ, ఆఫీసులకు, కల్యాణ మండపాలకు అంతకన్నా ఎక్కువ, మల్టీప్లెక్సులకు ఇంకా ఎక్కువ. విజిటర్ల కోసం పార్కింగ్ విస్తీర్ణంలో 10 శాతం కేటాయించాలి.

చిన్న స్థలాలకు ఇందులో ఒక వెసులుబాటు ఉంది. 750 చదరపు మీటర్ల లోపు స్థలంలో అపార్ట్‌మెంట్ కడితే, స్టిల్ట్ మొత్తం పార్కింగ్‌కే వదిలేస్తే చాలు, పార్కింగ్ నిబంధన పాటించినట్టే లెక్క. 750 చదరపు మీటర్లంటే దాదాపు 900 గజాలు. ఆ స్టిల్ట్‌లో వాచ్‌మన్ గది, రెండు టాయిలెట్లు మాత్రం కట్టుకోవచ్చు. అవన్నీ కలిపి 25 చదరపు మీటర్లు దాటకూడదు, ఎవరికీ అమ్మకూడదు.

ఈ వెసులుబాటు ఎంత పెద్దదో లెక్క వేసి చూడండి. 60 అడుగుల వెడల్పు, 90 అడుగుల లోతు ఉన్న స్థలం 600 గజాలు, అంటే 501.7 చదరపు మీటర్లు. సెట్‌బ్యాక్‌లు, అంటే భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీలు పోగా 12 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవు మిగిలిందనుకుందాం. ఒక్కో అంతస్తు 240 చదరపు మీటర్లు, ఐదంతస్తులకు 1,200. దీని మీద 30 శాతం లెక్కేసినా 360 చదరపు మీటర్ల పార్కింగ్ కావాలి. ఉన్న స్టిల్ట్ 240. అయినా రూల్ సరేనంటుంది. అంటే కార్లు చాలకపోయినా అనుమతి ఆగదు. ఆ కొరతను ముందే లెక్కేసుకోవాల్సింది మీరే.

ఈ స్థలం 500 చదరపు మీటర్లు దాటింది, భవనం ఎత్తు కూడా 10 మీటర్లు దాటుతుంది. అందుకని భవన అనుమతుల కోసం తెచ్చిన 2020 టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం తక్షణ అనుమతి దొరకదు, 21 రోజుల సింగిల్ విండో దారిలో వెళ్లాలి. రోడ్డు విస్తరణలో పోయే ముక్క ఏమైనా ఉంటే మొదట దాన్ని తీసేసి, మిగిలిన స్థలం మీదే పై లెక్కలన్నీ వేయండి.

కార్ల గీతలు, తర్వాత పిల్లర్లు

ఒక కారుకు 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు గీయండి. గోడ పక్కన పడే కారుకు వెడల్పు 2.8 ఉండాలి, లేకపోతే ఆ వైపు తలుపు తెరుచుకోదు. కార్లు తిరిగే దారి, అంటే డ్రైవ్‌వే, రూల్ ప్రకారం కనీసం 4.5 మీటర్లు. ముక్కు దారి వైపు ఉండేలా అడ్డంగా పెట్టిన కారును ఒక్క ఊపులో తీయాలంటే 6 మీటర్లు కావాలి. 4.5లో ఒకటి రెండుసార్లు ముందుకు వెనక్కి ఆడించాల్సిందే.

12 మీటర్ల వెడల్పులో రెండు వైపులా అడ్డంగా కార్లు పెడితే దారికి మిగిలేది 2 మీటర్లే, కుదరదు. ఒక వైపు అడ్డంగా 5 మీటర్లు, మధ్యలో 4.5 మీటర్ల దారి, రెండో వైపు దారికి సమాంతరంగా 2.5 మీటర్లు పెడితే 12 సరిగ్గా సరిపోతుంది. సమాంతరంగా పెట్టే కారుకు పొడవు 6 మీటర్లు వదలాలి. మెట్లు, లిఫ్టు ఈ సమాంతరపు వైపుకే నెట్టండి. పొడవులో వాటికి 7 మీటర్లు పోయినా మిగిలిన 13లో రెండు కార్లు పడతాయి.

ఇక అడ్డంగా పెట్టే వరుస. ఇక్కడే కార్లు పెరుగుతాయి, లేదా పోతాయి. పైన బెడ్‌రూమ్ గోడలను అనుసరించి దాదాపు 4 మీటర్లకో పిల్లర్ వేయడం డిజైనర్లకు అలవాటు. 20 మీటర్లలో అలా ఐదు గళ్లు వస్తాయి. పిల్లర్ మందం 30 సెంటీమీటర్లు తీసేస్తే ఒక్కో గడిలో 3.64 మీటర్ల ఖాళీ. అందులో ఒక కారు పడుతుంది, రెండోది పట్టదు. మిగిలిన మీటరు చిల్లర బండ్లకు తప్ప పనికిరాదు. వెరసి ఐదు కార్లు.

అదే పిల్లర్ల మధ్య 5 మీటర్ల ఖాళీ ఉండేలా మూడు గళ్లు వేస్తే, నాలుగు పిల్లర్లతో కలిపి 16.2 మీటర్లు. చివర 3.8 మీటర్లు మిగులుతుంది. ఒక్కో గడిలో రెండేసి కార్లు, చివర ఒకటి, మొత్తం ఏడు. అదే స్థలం, అదే శ్లాబ్, రెండు కార్లు ఎక్కువ. నడిచే రేటు ప్రకారం రెండు పార్కింగ్‌ల విలువ ఎంతో లెక్కేసుకుంటే, పెద్ద గళ్ల వల్ల బీములో పెరిగే స్టీలు ఖర్చు గురించి బిల్డర్‌తో వాదన అక్కర్లేదు.

పిల్లర్ మందం 9 అంగుళాలకు తగ్గించి చోటు మిగుల్చుదామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. భూకంప నిరోధక డిజైన్‌కు సంబంధించిన ఐఎస్ 13920 కోడ్ 2016 ప్రతి పిల్లర్ కనీస కొలతను 300 మిల్లీమీటర్లుగా పెట్టింది. డ్రాయింగ్‌లో చూపే 5 మీటర్లు కాంక్రీట్ నుంచి కాంక్రీట్‌కు అని కూడా మర్చిపోకండి. రెండు వైపులా ప్లాస్టరింగ్ పడితే 3, 4 సెంటీమీటర్లు పోతాయి. చివర మిగిలిన ఖాళీలోంచి ఒక్కో గడికి 10 సెంటీమీటర్లు పంచితే ఇబ్బంది ఉండదు.

దారి వైపున్న పిల్లరు కారు గీత అంచుకే ఉండకూడదు. 75 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా లోపలికి జరపండి. అప్పుడే బంపరు తగలకుండా తిరగొచ్చు, ముందు తలుపు కూడా పిల్లరుకు కొట్టుకోదు. సమాంతరపు వరుసలో దారి అంచున పిల్లరే ఉండకూడదు. అక్కడ పిల్లర్లను బయటి అంచుకే పరిమితం చేయమని స్ట్రక్చరల్ ఇంజనీర్‌కు మొదటి మీటింగ్‌లోనే చెప్పండి. దీనివల్ల బీము పొడుగవుతుంది, లోతూ పెరుగుతుంది. ఆ సంగతి వెంటనే ఎత్తు లెక్కలోకి వస్తుంది.

తలపైన ఎంత మిగులుతుంది?

స్టిల్ట్ నేల నుంచి శ్లాబ్ పై అంచు దాకా 3.1 మీటర్లు, బీము లోతు 60 సెంటీమీటర్లు అనుకుంటే, బీము కింద 2.5 మీటర్లు. కారుకు ఇది ఎక్కువే. కానీ బీము కిందుగా పై ఫ్లాట్ల డ్రైనేజీ పైపు వెళ్తుంది. పైపు 11 సెంటీమీటర్లు, దానికి 60కి 1 వాలు ఇస్తే 6 మీటర్ల దూరంలో మరో 10 సెంటీమీటర్లు దిగుతుంది. మిగిలేది 2.29. క్యారియర్ బిగించిన పెద్ద ఎస్‌యూవీకి ఇది అంచున ఉన్నట్టే, వాటర్ ట్యాంకర్ గానీ అంబులెన్స్ గానీ లోపలికి వచ్చే పని లేదు. పైపుల డ్రాయింగ్‌ను శ్లాబ్ వేయక ముందే తెప్పించి, డ్రైవ్‌వే మీదుగా పైపు అడ్డంగా వెళ్లకుండా చూడండి. పైపులు కిందికి దిగే డక్టులు బయటి గోడ వైపు ఉంటే సగం సమస్య ఉండదు. రెండంతస్తుల మెకానికల్ పార్కింగ్ ఎప్పటికైనా పెట్టే ఆలోచన ఉంటే ఈ ఎత్తు చాలదని ఇప్పుడే గుర్తుంచుకోండి.

బోరు మాటేమిటి? బోరును స్టిల్ట్ శ్లాబ్ కిందికి రానివ్వొద్దు. మోటారు కాలిపోయిన రోజు 20 అడుగుల పైపులను ఒకటొకటిగా పైకి లాగాలి. నెత్తిన 10 అడుగుల్లోనే శ్లాబ్ ఉంటే క్రేను ఏం చేయలేదు, పైపులు కోయించాల్సి వస్తుంది. బోరు, సంపు సెట్‌బ్యాక్‌లో ఉండాలి. డ్రైవ్‌వేలో మ్యాన్‌హోల్ తప్పనిసరైతే బరువు మోసే మూతలే వేయించండి. కరెంటు మీటర్ల ప్యానెల్ కూడా చాలాచోట్ల ఒక కారు చోటును మింగేస్తుంది, దాని ముందు మనిషి నిలబడి పని చేయడానికి కనీసం మీటరు వదలాలి కదా. మెట్ల పక్కనున్న గోడకు పెట్టించండి.

గేటు దగ్గర ర్యాంపు

ర్యాంపు వాలు 8కి 1 మించకూడదు. స్టిల్ట్ నేలను రోడ్డు కంటే 45 సెంటీమీటర్లు ఎత్తు పెడితే ర్యాంపు పొడవు 3.6 మీటర్లు. ముందు సెట్‌బ్యాక్ 3 మీటర్లే ఉంటే మిగిలిన 60 సెంటీమీటర్లు గేటు దాటి రోడ్డు మీదికి, అక్కడున్న కాలువ మీదికి వస్తాయి. కాలనీల్లో కనిపించే సిమెంటు మూపురాలన్నీ ఇలా పుట్టినవే. వాటి వల్ల వాన నీరు ఆగుతుంది, మున్సిపాలిటీ వాళ్లు వచ్చి పగలగొడతారు. 3 మీటర్లలో దిగాలంటే ఎత్తు 37 సెంటీమీటర్లకు మించకూడదు, నేల మట్టం దాన్నిబట్టే పెట్టండి. రోడ్డు మీద తారు పొర పడ్డప్పుడల్లా రోడ్డు పైకి లేస్తుంది కాబట్టి మరీ తక్కువ పెట్టినా నీళ్లు లోపలికొస్తాయి. గేటు గీత వెంబడి జాలీ ఉన్న కాలువ ఒకటి అడ్డంగా వేయండి.

సెల్లార్ తవ్వుదామా అనే ప్రశ్న 600 గజాల్లోనూ వస్తుంది. 3 మీటర్ల లోతుకు 8కి 1 వాలులో 24 మీటర్ల ర్యాంపు కావాలి. స్థలం లోతే 27.4 మీటర్లు. పైగా సెల్లార్ పార్కింగ్‌కు 3.6 మీటర్ల వెడల్పున రెండు ర్యాంపులు, లేదా 5.4 మీటర్ల వెడల్పున ఒకటి ఉండాలన్నది రూల్. ఈ స్థలంలో ఆ ఆలోచన వదిలేయండి. పెద్ద స్థలంలో తవ్వేవాళ్లు మాత్రం ర్యాంపు మొదట్లో, చివర్లో రెండున్నర మీటర్ల మేర 16కి 1 వాలు ఇప్పించాలి, లేకపోతే కారు అడుగుభాగం గీరుకుంటుంది.

తర్వాత మూసేయొద్దు

స్టిల్ట్‌లో దుకాణం, జిమ్, మీటింగ్ హాల్ కట్టడం రూల్‌కు విరుద్ధం, తొలగించే అధికారం మున్సిపాలిటీకి ఉంది. ఇందులో రూల్‌ను మించిన విషయం ఇంకొకటి ఉంది. కింద ఖాళీగా, పైన గోడలతో నిండి ఉండే భవనానికి భూకంపంలో కింది అంతస్తే మొదట వంగుతుంది. 2001 భుజ్ భూకంపంలో అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో ఇలాంటి స్టిల్ట్ భవనాలు చాలా ఉన్నాయి. లిఫ్టు చుట్టూ ఇంజనీర్ వేసిన కాంక్రీట్ గోడలు దానికే. కారు తిరగడం లేదని వాటిని కోయొద్దు. ఒక మూలన మాత్రమే ఇటుక గోడ లేపితే భవనం మెలి తిరిగే ప్రమాదం కూడా ఉంది.

ఎలక్ట్రిక్ కార్ల కోసం శ్లాబ్‌లోనే ఖాళీ పైపు వేయించి, ప్రతి మీటరు నుంచి ఆ ఫ్లాట్ పార్కింగ్ దాకా తీసుకెళ్లండి. ఇంట్లో పెట్టే 7.4 కిలోవాట్ల చార్జర్‌కు 32 ఆంపియర్ల లైను కావాలి. తర్వాత గోడల మీద వైరు లాగితే ఖర్చూ ఎక్కువ, అసోసియేషన్‌లో తగాదా కూడా. కేంద్రం మోడల్ బిల్డింగ్ బైలాస్‌కు 2019లో చేసిన సవరణ 20 శాతం పార్కింగ్‌కు ఈ సదుపాయం చూడమంటోంది. పది ఫ్లాట్లున్న చోట పదింటికీ పైపు వేయడమే తెలివైన పని.

నంబర్లు, దస్తావేజు, ఓసీ

మన లెక్కలో అడ్డంగా ఏడు, సమాంతరంగా రెండు, మొత్తం తొమ్మిది కార్లు. అంతస్తుకు రెండేసి లెక్కన ఫ్లాట్లు పది, పైగా విజిటర్ల చోటు వదలాలి. దీన్ని దాచి పది పార్కింగ్‌లు రాసిస్తే ఆఖరి ఫ్లాట్ కొన్నవాళ్లకు పిల్లరే దక్కుతుంది. చిన్న ఫ్లాట్లు రెండింటికి బండ్ల పార్కింగ్ మాత్రమే ఇచ్చి, ధరలో ఆ మేరకు తగ్గించి, అదే అగ్రిమెంట్‌లో రాయడం మేలు.

మన దగ్గర సేల్ డీడ్లలో 'కార్ పార్కింగ్ 100 చదరపు అడుగులు' అని రాయడం మామూలు. 2.5కి 5 మీటర్లంటే దాదాపు 135 చదరపు అడుగులు. 100 అందుకు చాలదు. కొనేవాళ్లు విస్తీర్ణాన్ని కాదు, పార్కింగ్ నంబరును రాయించుకోవాలి. నంబర్లు వేసిన స్టిల్ట్ ప్లాన్‌ను దస్తావేజుకు జత చేయమని అడగండి. స్టిల్ట్ పార్కింగ్‌ను ఫ్లాట్‌తో సంబంధం లేకుండా విడిగా అమ్మకూడదని సుప్రీంకోర్టు 2010లో ముంబై కేసులో తేల్చింది. రియల్ ఎస్టేట్ నియంత్రణకు తెచ్చిన రెరా చట్టం బహిరంగ పార్కింగ్‌ను ఉమ్మడి స్థలంగానే చూస్తుంది. కాబట్టి ప్రహరీ పక్కన ఖాళీని ఎవరికో అమ్మానని బిల్డర్ చెబితే నమ్మకండి.

ఓసీకి, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు పెట్టే ముందు స్టిల్ట్‌లో గీతలు, నంబర్లు, బాణాలు పెయింట్ వేయించండి. విజిటర్ల చోటు మీద ఆ మాట రాయించండి. వాచ్‌మన్ గదిని, టాయిలెట్లను కలిపి టేపుతో కొలవండి, 25 చదరపు మీటర్లకు పైబడితే గోడ ఇప్పుడే జరపడం సులువు. రోడ్డు మీద ర్యాంపు ముక్క ఉంటే తీయించండి. స్టిల్ట్‌లో ఆపిన సిమెంటు బస్తాలు, సెంట్రింగ్ చెక్కలు ఖాళీ చేయించి అప్పుడు ఫోటోలు తీయండి. అనుమతి సమయంలో మున్సిపాలిటీకి తనఖా పెట్టిన 10 శాతం బిల్టప్ ఏరియా ఓసీ దగ్గరే విడుదలవుతుంది. స్టిల్ట్‌లో ఒక్క గది అదనంగా కట్టినా ఆ ఫ్లాట్ల అమ్మకం అక్కడే ఆగిపోతుంది.