డీజిల్ ఫిల్టర్ విప్పే ముందు జాగ్రత్తలు

- ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వండి. దగ్గర్లో బీడీ, సిగరెట్ వెలిగించనివ్వొద్దు. కింద ఒక డబ్బా పెట్టుకోండి.

- డీజిల్ కారుతుంటే, లీకు ఎక్కడో ముందే తేల్చుకోండి. ఫిల్టర్ చుట్టూ పొడిగుడ్డతో తుడిచి, ఐదు నిమిషాలు ఇంజిన్ నడిపి, ఆపి చూడండి. తడి రబ్బరు రింగు దగ్గరా, నీళ్లు వదిలే మర దగ్గరా, పైపు క్లిప్పు దగ్గరా? కామన్ రైల్ బండైతే (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే పైపు నుంచి ఎక్కువ ప్రెజర్‌తో డీజిల్ పంపే రకం) ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపులను, అంటే ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే భాగాలకు వెళ్లే పైపులను, వేలితో తడమొద్దు. ఆ ప్రెజర్ 1000 బార్ దాటుతుంది, డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

- పాత రింగు ఊడి వచ్చిందో లేదో కళ్లారా చూడండి. నెల్లూరులో ఒక గ్యారేజీవాళ్లు మా బండికి పాత రింగు మీదే కొత్త ఫిల్టర్ బిగించేశారు. కావలి చేరేసరికి హైవే మీద డీజిల్ ధార కట్టింది. పిల్లలతో రాత్రిపూట ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. అప్పటినుంచి పాత ఫిల్టర్, పాత రింగు రెండూ నా చేతిలో పెట్టమంటాను. మీరూ అడగండి, మొహమాటం వద్దు.

- మరతో తిరిగే ఫిల్టరైతే కొత్త రింగుకు కాస్త డీజిల్ రాసి చేత్తోనే బిగించాలి. పానాతో బలంగా తిప్పితే రింగు నలిగి మళ్లీ కారుతుంది.

- డీజిల్ లైనులో చేత్తో నొక్కే చిన్న పంపు ఉంటే, అది గట్టిపడేదాకా కొట్టి లైనులోని గాలి తీయండి.

- డబ్బులిచ్చే ముందు ఇంజిన్ పది నిమిషాలు నడిపించి, మళ్లీ పొడిగుడ్డతో తుడిచి చూడండి.