టర్బో కడిగాక తుప్పు పట్టకుండా
ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బోచార్జర్‌ను (టర్బో) ఇంట్లో విప్పేవారు కడగడంలో చూపే శ్రద్ధ ఆరబెట్టడంలో చూపరు. ఎగ్జాస్ట్ (పొగ) వైపు ఉండే టర్బైన్ హౌసింగ్, అంటే అటువైపు చక్రాన్ని కప్పే గుల్ల, సాధారణంగా పోత ఇనుమే. నీళ్లతో కడిగి వదిలేస్తే కొద్ది గంటల్లోనే ఎర్రబారుతుంది. మసిని కిరోసిన్‌లో నానబెట్టి, తీగ బ్రష్‌తో రుద్ది, గాలి కొట్టి ఆరబెట్టి, వెంటనే ఇంజిన్ ఆయిల్ పలుచగా పూయండి. రంగు వేయాలనుకుంటే అధిక వేడికి తట్టుకునేదే కొనండి. మామూలు రంగు మాడి రాలిపోతుంది.

గాలి వైపు ఉండే కంప్రెసర్ హౌసింగ్ అల్యూమినియం కాబట్టి కాస్టిక్ సోడా దరిచేరనీయకండి, లోహాన్నే తినేస్తుంది. కిరోసిన్, నైలాన్ బ్రష్ చాలు. ఈ హౌసింగ్‌ల లోపల తిరిగే చక్రాల రెక్కలను గరుకు కాగితంతో అసలు గీకకూడదు. చిన్న టర్బోల్లో అవి నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతాయి, రవ్వంత లోహం పోయినా సమతూకం చెడుతుంది. విప్పేముందే నట్టు, షాఫ్టు, చక్రం మీద గుర్తు గీసుకుంటే అదే స్థానంలో బిగించవచ్చు.