తెలుగు వెబ్‌సైట్ హాయిగా చదువుకునేలా తయారు చేయడం ఎలా?

ఇంగ్లిష్ సైట్ల కోసం ముందే చేసిపెట్టిన నమూనా (టెంప్లేట్) ఒకటి తెచ్చి అందులో తెలుగు నింపితే పని అయిపోయిందనిపిస్తుంది. ఫోన్‌లో తెరిస్తే శీర్షికల్లో వత్తులు తెగిపోయి ఉంటాయి, మెనూ రెండు వరసలై కిందికి జారుతుంది. ఆ టెంప్లేట్ కొలతలన్నీ రోమన్ అక్షరాలకు వేసినవి. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి కాబట్టి నిలువునా ఎక్కువ చోటు కావాలి.

పచ్చళ్లు అమ్మే చిన్న దుకాణానికి సైట్ చేస్తున్నామనుకుందాం.

1. ముందు కాగితం, తర్వాతే కంప్యూటర్

వచ్చినవాళ్లు అడిగేవి నాలుగే: ఏ పచ్చళ్లున్నాయి, కిలో ఎంత, మా ఊరికి పంపుతారా, ఫోన్ నంబరేది. ఈ నాలుగూ మొదటి పేజీలో, వేలితో ఒకటి రెండుసార్లు పైకి తోసేలోపే కనబడాలి. మెనూలో ఐదు మాటలు మించనివ్వకండి. ‘ఉత్పత్తులు’ అనే బదులు ‘పచ్చళ్లు’ అనండి. అలాగని హోమ్‌ను గృహం, కార్ట్‌ను బండి చేయనక్కర్లేదు. జనం నోట నానిన మాటే మంచి తెలుగు.

2. రాత యూనికోడ్‌లో ఉండాలి

యూనికోడ్ అంటే ఏ ఫోన్, కంప్యూటర్ అయినా గుర్తుపట్టే అక్షరాల ఉమ్మడి పద్ధతి. కరపత్రం కోసం ‘అను’ అనే పాత డీటీపీ ఫాంట్లలో కొట్టించిన మేటర్‌ను అలాగే అతికిస్తే పిచ్చిగీతలు వస్తాయి. దాన్ని యూనికోడ్‌లోకి మార్చి, మార్చాక ఒకసారి అచ్చుతప్పులు చూడండి, వత్తుల దగ్గర మరీ ముఖ్యంగా. ధరల పట్టికను వాట్సాప్ పోస్టర్‌లా బొమ్మగా పెట్టకండి: గూగుల్ వెతుకులాటలో దొరకడం కష్టం, చూపు లేనివాళ్ల స్క్రీన్ రీడర్‌కూ అందదు. పేజీ భాష తెలుగని కోడ్‌లో ప్రకటించాలి. ఆ రీడర్ తెలుగు గొంతును ఎంచుకునేది దాన్ని బట్టే.

3. ఫాంటు, కొలతలు

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

మామూలు పాఠానికి నోటో సాన్స్ తెలుగు ఫాంటు మంచిది. పలచన నుంచి మందం దాకా అన్ని బరువులూ ఉన్నాయి. మండలి ఫాంటు అందమైనదే కానీ ఒకే బరువులో వస్తుంది. దానికి బోల్డ్ పెడితే బ్రౌజర్ తనంతట తాను గీతల్ని లావు చేస్తుంది; ఘ, ఝ లాంటి అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతాయి.

అక్షరం సైజు 18 పిక్సెళ్లు, వరస ఎత్తు దానికి 1.7 రెట్లు ఉంచండి. శీర్షికలకు చాలా టెంప్లేట్లలో 1.1 లేదా 1.2 ఉంటుంది. ‘రాష్ట్రం’లోని వత్తులు కింది వరస గుడులకు తగిలేది అందుకే. కనీసం 1.4 చేయండి. బటన్లకు ఎత్తు బిగించకుండా, పైనా కిందా ఖాళీ వదలండి. అక్షరాల మధ్య అదనపు ఎడం సున్నా. వాలు అక్షరాలు వద్దు, అవి మన లిపికి అలవాటు లేనివి. రెండు అంచులూ సమానం చేసే అమరికా వద్దు. మన మాటలు పొడుగు కాబట్టి ఇరుకు తెర మీద మధ్యలో సందులు పడతాయి.

ఫాంటు ఫైలును వాఫ్2 (WOFF2, వెబ్ కోసం కుదించిన ఫాంటు) రూపంలో పెట్టి, రెండు బరువులతో సరిపెట్టండి. ఫాంటు దిగేదాకా ఫోన్‌లోని తెలుగు ఫాంటే కనబడేలా అమర్చండి.

4. రంగులు

పాఠానికీ వెనకటి రంగుకూ వెలుగులో తేడా (కాంట్రాస్ట్) 4.5:1 కంటే తగ్గకూడదు; పెద్ద అక్షరాలకు 3:1 చాలు. డిజైనర్లు ముచ్చటపడే 777777 అనే కోడ్ ఉన్న బూడిదరంగు తెలుపు మీద 4.48 దగ్గరే ఆగిపోతుంది. పచ్చళ్ల సైట్ కదా అని పసుపు వాడాలనిపిస్తే వెనక వాడండి, అక్షరాలకు కాదు.

5. ఆర్డర్ ఫారం, లింకులు

బటన్ కనీసం 48 పిక్సెళ్ల ఎత్తు, బటన్ల మధ్య 8 ఎడం. ఫోన్, పిన్‌కోడ్ గడులు ముట్టుకోగానే అంకెల కీబోర్డు రావాలి. పేరు గడి రోమన్ అక్షరాలే ఒప్పుకునేలా ఉందేమో చూడండి. తెలుగులో పేరు రాస్తే తోసిపుచ్చే తెలుగు సైటు కంటే వింత ఏముంటుంది! పొరపాటు జరిగినచోట ‘చెల్లదు’ అని వదిలేయకుండా ‘పిన్‌కోడ్‌లో 6 అంకెలుండాలి, 5 ఉన్నాయి’ అని ఆ గడి కిందే చెప్పండి.

పేజీ చిరునామాల్లో మాత్రం రోమన్ లిపే నయం. ‘ఆవకాయ’ అని తెలుగులో పెడితే, పంచుకునేటప్పుడు చాలాచోట్ల ఆ ఒక్క మాట శాతం గుర్తులతో కలిపి 45 అక్షరాల తోక అవుతుంది. సైట్ లోపలి వెతుకులాటలో రెండు లిపులూ పనిచేయాలి, ఎందుకంటే చాలామంది తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతారు.

6. పరీక్ష

ఫోన్‌లో అక్షరాల సైజు పూర్తిగా పెంచి ప్రతి పేజీ చూడండి. ఏ బటన్‌లోనూ మాట తెగకూడదు. తర్వాత సైట్ ఎప్పుడూ చూడని ముగ్గురికి, అందులో ఒకరైనా యాభై దాటినవారికి, తక్కువ ధర ఫోన్ ఇచ్చి ‘అరకిలో గోంగూర ఆర్డర్ పెట్టండి’ అనండి. పక్కనుండి నోరు విప్పకండి. వేలు ఆగిన ప్రతిచోటా కాగితం మీద గుర్తు పెట్టుకోండి. ఇద్దరు ఆగిన చోటును ఆ రోజే సరిచేసి, మర్నాడు కొత్తవాళ్ల చేతికివ్వండి.