బెజవాడ ఎండలకు తగినట్టు: రాత్రి నానబెట్టే ఓట్స్, ఇంట్లో వేయించుకునే మ్యూస్లీ

రాత్రి పడుకోబోయే ముందు ఓట్స్‌ను పాలు, పెరుగుతో కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే పొద్దున్న పొయ్యి వెలిగించే పని ఉండదు. మే నెలలో విజయవాడలో ఉదయం ఏడింటికే వంటింట్లో నిలబడటం ఎంత కష్టమో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. మా ఇంట్లో ఈ అలవాటు మొదలైంది ఆ కష్టం తప్పించుకోవడానికే అయినా, ఇప్పుడు వారంలో మూడు రోజులు అందరం ఇష్టంగా తినే ఫలహారం ఇదే. అయితే వీడియోల్లో కనిపించే కొలతలు, సూచనలు చాలావరకు చలి దేశాల్లోని వంటిళ్లను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. వాటినే ఇక్కడ యథాతథంగా పాటిస్తే ఓట్స్ పులుస్తాయి, వేయించిన ఓట్స్, పప్పులు, గింజలు, ఎండు పండ్లు కలిపిన మ్యూస్లీ వానాకాలంలో మెత్తబడిపోతుంది. అందుకే కృష్ణా తీరపు వేడినీ తేమనూ లెక్కలోకి తీసుకుని ఈ రెండింటినీ ఎలా చేసుకోవాలో వివరంగా చెబుతాను.

మొదటిసారి సీసా చూసినప్పుడు మా అత్తగారు, "ఇది చద్దన్నమే కదమ్మా" అన్నారు. చూపుకు ఆ మాట నిజమే. రాత్రి నానబెట్టి పొద్దున్న తినడం మనకు కొత్త విషయం కాదు. కానీ ఆ పోలికను నమ్మి నేను ఒక వేసవి రాత్రి ఓట్స్ గిన్నెను చద్దన్నంలాగే మూతపెట్టి వంటింటి గట్టు మీద ఉంచాను. తెల్లవారేసరికి పైన నురగ కట్టి, పాలు విరిగిన పుల్లటి వాసన వచ్చింది. మొత్తం పారబోయాల్సి వచ్చింది. చద్దన్నం రుచి పులియడంలోనే ఉంది, కాబట్టి దాన్ని బయట ఉంచుతాం. ఓట్స్ మాత్రం పులియకూడదు, నానాలి. అందువల్ల కలిపిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్ లోపల 5 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ ఉండాలి. తలుపులోని అరలు మాటిమాటికీ వేడెక్కుతాయి కనుక సీసాను లోపలి అరలో, వెనక్కి జరిపి ఉంచాలి. రాత్రి కరెంటు పోయినా, తలుపు తెరవకుండా ఉంటే నాలుగు గంటల వరకు లోపల చల్లదనం నిలుస్తుంది. అంతకు మించి పోతే పొద్దున్న వాసన బాగానే ఉన్నా తినకపోవడమే మంచిది.

ఏ ఓట్స్ కొనాలి అన్నది రెండో సంగతి. అంగడిలో మూడు రకాలు దొరుకుతాయి. గింజను ఆవిరి పట్టి, రోలర్ల మధ్య అటుకుల్లాగా నొక్కినవి రోల్డ్ ఓట్స్. ఆవిరిలో కొంత ఉడికి ఉంటాయి కాబట్టి వీటిని వండకుండానే నానబెట్టి తినవచ్చు. నానాక కూడా పంటికి కొంచెం తగులుతాయి. మనకు కావలసినవి ఇవే. ఇంకా పలచగా నొక్కిన ఇన్‌స్టంట్ ఓట్స్ రాత్రంతా నానితే జావలా అయిపోతాయి. గింజను ముక్కలుగా నరికిన స్టీల్ కట్ ఓట్స్ ఒక్క రాత్రిలో సరిగా నానవు, వాటిని ఉడికించుకోవాల్సిందే. మసాలా కలిపిన పొట్లాలు ఈ పనికి పనికిరావు. వాటిలో ఉప్పు ఎక్కువ.

ఒకరికి సరిపడే కొలత ఇది. 240 మిల్లీలీటర్ల కొలత కప్పుతో అరకప్పు ఓట్స్, అంటే దాదాపు 40 గ్రాములు. కాచి పూర్తిగా చల్లార్చిన పాలు 120 మిల్లీలీటర్లు. తాజా పెరుగు నాలుగు పెద్ద చెంచాలు. చియా గింజలు ఒక చెంచా. చిటికెడు ఉప్పు, రెండు ఏలకుల పొడి. ఉప్పు ఎందుకని అడుగుతారు. తీపి ఏదైనా ఆ చిటికెడు లేకపోతే చప్పగా అనిపిస్తుంది, పాయసానికి వేసే చిటికెడు కూడా అందుకే. పాలు గోరువెచ్చగా ఉన్నా పోయకూడదు. వేడి తగిలిన ఓట్స్ బంకగా మారతాయి, పైగా ఫ్రిజ్‌లో చల్లబడటానికి ఎక్కువ సేపు పడుతుంది. పెరుగు ఆ రోజు తోడుకున్నదై ఉండాలి. నిన్నటి పుల్ల పెరుగు వేస్తే పొద్దుటికి ఇంకా పులుపెక్కి నోరు ముడుచుకుపోతుంది. చియా గింజలు తమ బరువుకు పది రెట్ల వరకు నీటిని పీల్చుకుంటాయి కాబట్టి ఒక చెంచా కంటే ఎక్కువ వేస్తే పొద్దున్న గరిట దిగదు. చియా దొరకకపోతే సబ్జా గింజలు వాడవచ్చు, కానీ అవి పావుగంటలోనే ఉబ్బుతాయి కనుక విడిగా నానబెట్టి పొద్దున్న కలపాలి.

వీటన్నిటినీ మూత ఉన్న గాజు సీసాలో వేసి, అడుగు వరకు చెంచా పెట్టి తిప్పాలి. ఈ తిప్పడంలో చాలామంది తొందరపడతారు. చియా గింజలు అడుగున ఒకచోట చేరి ముద్ద కట్టకుండా ఉండాలంటే కలిపి, ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ ఒకసారి కలిపి అప్పుడు మూత పెట్టాలి. సీసాలో నాలుగో వంతు ఖాళీ వదలాలి. ఆరు గంటలు నానితే చాలు. రెండు రోజులకు సరిపడా ఒకేసారి చేసుకోవచ్చు, మూడో రోజుకు మాత్రం ఉంచవద్దు.

పొద్దున్న మూత తీయగానే గట్టిగా, చెంచా నిలబడేలా కనిపిస్తే అది సరిగా నానినట్టే. రెండు మూడు చెంచాల చల్లని పాలు పోసి కలిపితే చిక్కటి పెరుగన్నంలా వదులవుతుంది. పైన నీళ్లు తేలి, ఓట్స్ అడుగున విడిగా ఉంటే మరుసటి రాత్రి పాలు తగ్గించాలి. ఈ సీసా మొత్తంలో సుమారు 12 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ అనే పీచు చెడు కొలెస్టరాల్ తగ్గడానికి తోడ్పడుతుంది. అయితే అందుకు రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ కావాలి. 40 గ్రాముల ఓట్స్‌లో అందులో సగం, మహా అయితే అంతకంటే కాస్త ఎక్కువ దొరుకుతుంది.

పండ్ల విషయంలో ఒక్క నియమం గుర్తుంచుకుంటే చాలు, వాటిని పొద్దున్నే కలపాలి. బొప్పాయి, అనాస ముక్కల్లో పాలలోని ప్రోటీన్‌ను విరగ్గొట్టే ఎంజైములు ఉంటాయి, రాత్రే కలిపితే తెల్లవారేసరికి చేదెక్కుతుంది. అరటిపండు నల్లబడుతుంది. వేసవిలో నూజివీడు రసాలు వచ్చినప్పుడు ఈ ఫలహారానికి సాటి ఉండదు. పండును చేత్తో బాగా మెత్తబరిచి, రసం నేరుగా సీసాలోకి పిండి, టెంకకు అంటుకున్న గుజ్జును చెంచాతో గీకి కలిపితే బెల్లం గాని తేనె గాని అవసరం రాదు. మామిడి పోయాక బాగా మగ్గిన చక్కరకేళి, సీతాఫలాల కాలంలో గింజలు తీసిన గుజ్జు, చలికాలంలో దోర జామ ముక్కలు. ఏ పండూ లేని రోజు రెండు మెత్తటి ఖర్జూరాలు తరిగి రాత్రే నానబెట్టవచ్చు, ఖర్జూరానికి ఆ ఇబ్బంది లేదు.

పొద్దున్నే తీపి తినలేని వాళ్లు మన వైపు చాలామంది ఉన్నారు. వారి కోసం దద్దోజనం పద్ధతి ఉంది, నిజానికి నాకు ఇదే ఎక్కువ ఇష్టం. అరకప్పు ఓట్స్‌ను ముప్పావు కప్పు పెరుగు, పావు కప్పు చల్లని నీళ్లు, తగినంత ఉప్పుతో కలిపి రాత్రి ఫ్రిజ్‌లో పెట్టాలి. పొద్దున్న ఒక చెంచా నూనెలో ఆవాలు, మినప్పప్పు, సన్నగా తరిగిన అల్లం, ఒక పచ్చిమిర్చి, కరివేపాకు వేసి తాలింపు పెట్టి, అది పూర్తిగా చల్లారాక కలపాలి. మినప్పప్పు ఎర్రబడే వరకు ఆగాలి, ఆ కరకర వల్లే ఓట్స్ మెత్తదనం వెగటనిపించదు. కీర దోసకాయ తురుము, దానిమ్మ గింజలు వేస్తే చలవ. పక్కన ఒక చల్ల మిరపకాయ వేయించుకున్న రోజు లోపల ఉప్పు సగానికి తగ్గించాలి.

ఇక మ్యూస్లీ. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో వైద్యుడైన మాక్సిమిలియన్ బిర్షర్ బెన్నర్ 1900 ప్రాంతంలో తన రోగుల కోసం దీన్ని రూపొందించాడు. ఆయన పెట్టినది నేటి పొట్లాల్లాంటిది కాదు. అందులో ముఖ్యమైనది తురిమిన ఆపిల్ పండు. రాత్రి నీళ్లలో నానబెట్టిన ఓట్స్ ఒక్క చెంచానే, దానికి నిమ్మరసం, చిక్కటి డబ్బా పాలు, కాస్త పప్పుల పొడి. అంటే పండుకు ధాన్యం తోడు. మనమూ పళ్లెంలో పండు వంతు పెంచి, ఎండు పండ్లు తగ్గించుకుంటే ఆయన ఉద్దేశానికి దగ్గరగా ఉంటాం. బయట కొనేటప్పుడు పొట్లం వెనక ముడిపదార్థాల పట్టిక చదవండి. బరువులో ఎక్కువ ఉన్నది ముందు రాయాలన్నది నియమం కనుక చక్కెర గాని గ్లూకోజ్ సిరప్ గాని రెండో మూడో స్థానంలో ఉంటే అది తీపి పదార్థమనే అర్థం.

ఇంట్లో చేసుకోవడానికి 300 గ్రాముల రోల్డ్ ఓట్స్, 100 గ్రాముల జొన్న అటుకులు, 60 గ్రాముల వేరుశెనగ గుళ్లు, 50 గ్రాముల బాదం, 40 గ్రాముల గుమ్మడి గింజలు, 30 గ్రాముల అవిసె గింజలు, 20 గ్రాముల నువ్వులు, ఎండు ద్రాక్ష, ఎండు ఖర్జూరం ముక్కలు రెండూ కలిపి 100 గ్రాములు తీసుకోవాలి. మొత్తం 700 గ్రాములు. మనిషికి పూటకు 50 గ్రాముల లెక్కన ఇద్దరికి వారం రోజులు వస్తుంది. జొన్న అటుకులు లేకపోతే మామూలు గట్టి అటుకులు వాడవచ్చు. సరుకులన్నీ ఒకేచోట కావాలంటే వన్ టౌన్‌లో, కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల దుకాణాల్లో చూడవచ్చు, గుంటూరు వారికి పట్నం బజారు ఉంది. విడిగా కొనేటప్పుడు బాదం ఒకటి కొరికి చూడండి. ముక్కిన వాసన వస్తే ఎంత చవకైనా వద్దు. వేరుశెనగలో ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు జాడ ఉన్నవి ఏరి పారేయాలి. వాటిలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండవచ్చు, వేయించినంత మాత్రాన అది పోదు.

వేయించడమే ఇందులో అసలు పని. మందపాటి బాండీ, సన్న సెగ, ఓపిక ఉండాలి. అన్నీ కలిపి ఒకేసారి వేయిస్తే నువ్వులు మాడే సమయానికి బాదం ఇంకా పచ్చిగానే ఉంటుంది కాబట్టి ప్రతిదాన్నీ విడిగా వేయించాలి. ఓట్స్‌ను నూనె లేకుండా ఏడెనిమిది నిమిషాలు ఆపకుండా కలుపుతూ వేయిస్తే పచ్చి పిండి వాసన పోయి కమ్మటి వాసన మొదలవుతుంది. రంగు మారే వరకు ఆగనవసరం లేదు, ఆ వాసన రాగానే దించాలి. అటుకులను వేళ్ల మధ్య నలిపితే పొడి కావాలి. వేరుశెనగలు పొట్టు ఊడే వరకు, గుమ్మడి గింజలు ఉబ్బే వరకు, నువ్వులు చిటపటలాడే వరకు వేయించాలి. అవిసె గింజలను వేయించాక పొడి చేయాలి, ఎందుకంటే నమలకుండా మింగిన గింజ అరగకుండా అలాగే బయటికి పోతుంది. ఆ పొడి మాత్రం త్వరగా ముక్కిపోతుంది. డబ్బాలో కలపకుండా విడిగా ఫ్రీజర్‌లో ఉంచి, తినేటప్పుడు చెంచాడు వేసుకోవాలి.

వేయించినవన్నీ వెడల్పాటి పళ్లెంలో పరిచి, ఫ్యాను కింద పూర్తిగా చల్లారనివ్వాలి. అడుగున చేయి పెడితే వెచ్చదనం తెలియకూడదు. కాస్త వేడి ఉండగా డబ్బాకెత్తితే మూత లోపల చెమట పట్టి మొత్తం సరుకు మెత్తబడుతుంది. ఎండు ద్రాక్షను కూడా ఒక పూట ఎండలో ఆరబెట్టి చివర్లో కలపాలి. మెత్తటి ఖర్జూరంలోని తడి ఓట్స్‌లోకి దిగుతుంది కనుక డబ్బాలో ఎండు ఖర్జూరమే వేయాలి. మార్చి నుంచి మే వరకు గాలి చొరని గాజు సీసాలో మూడు వారాలు కరకరలాడుతూ ఉంటుంది. వానలు మొదలయ్యాక రెండు సీసాలుగా విడదీసి, ఒకటి ఫ్రిజ్‌లో ఉంచడం మేలు. తడి చెంచా పెట్టకూడదని ఇంట్లో అందరికీ చెప్పాలి. ఒకవేళ మెత్తబడితే పారేయవద్దు. ఎండు పండ్లు ఏరి, మిగతాదాన్ని సన్న సెగ మీద మూడు నిమిషాలు వేయిస్తే మళ్లీ గట్టిపడుతుంది.

మ్యూస్లీని చల్లని పాలతో వెంటనే తినవచ్చు, పెరుగులో పది నిమిషాలు నాననిచ్చి తింటే ఇంకా బాగుంటుంది. పీచు అలవాటు లేనివారికి మొదట్లో కడుపు ఉబ్బరంగా అనిపించవచ్చు. వారు 25 గ్రాములతో మొదలుపెట్టి, వారం పది రోజుల్లో పెంచుకుంటూ, నీళ్లు బాగా తాగాలి. మధుమేహం ఉన్నవారు ఎండు ద్రాక్ష, ఖర్జూరం మానేసి, పప్పులు పెంచుకుని, తిన్న రెండు గంటలకు చక్కెర పరీక్ష చేసుకుంటే తమకు ఎంత సరిపడుతుందో తెలుస్తుంది. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడనివారు, అది లేదని ముద్ర ఉన్న ఓట్స్‌నే కొనాలి, మామూలు ఓట్స్‌లో గోధుమ కలిసే అవకాశం ఉంటుంది. ఐదేళ్లలోపు పిల్లలకు బాదం, వేరుశెనగలు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది కాబట్టి వారి వంతును మిక్సీలో పొడి చేసి పాలలో కలిపి ఇవ్వాలి. ఏడాది నిండని బిడ్డకు ఏ రూపంలోనూ తేనె పెట్టకూడదు.

సీసా మీద చేసిన తేదీ రాసిన చిన్న కాగితం అంటించండి. మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం వేయించి, ఆ తేదీ రాసి, సాయంత్రం సీసాకెత్తుతాం. ఆ రాత్రే సోమవారానికి ఓట్స్ నానబెడతాం.