కారు కంప్యూటర్ మార్చే ముందు వైరు చూడండి

వానలు మొదలైతే చాలు, మా పర్లాకిమిడిలో గ్యారేజీకి ఒకే రకం కంప్లైంట్‌తో బళ్లు వస్తాయి. డాష్‌బోర్డు మీటర్లో లైట్లన్నీ ఒకేసారి వెలుగుతాయి, ముల్లు పడిపోతుంది, కాసేపటికి ఏమీ జరగనట్టు మళ్లీ నడిచేస్తుంది. తప్పులు చదివే స్కానర్ పెడితే యూ0100 అని కోడ్ వస్తుంది, అంటే ఇంజిన్ కంప్యూటర్ (ఈసీఎం) పలకట్లేదని మిగతా మాడ్యూల్స్, అంటే బండిలోని మిగతా చిన్న కంప్యూటర్లు, చెప్తున్నాయన్నమాట. యూ0121 అయితే పలకనిది బ్రేకులు చూసుకునే ఏబీఎస్, యూ0140 అయితే లైట్లూ లాకులూ చూసుకునే బాడీ కంట్రోల్ మాడ్యూల్. చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు. పలకట్లేదంటే పోయిందని కాదు కదా, కరెంటు అందకపోయినా, వైరు తెగినా పలకదు.

అందుకే ముందు బ్యాటరీ చూడండి. బండి ఆపి ఉన్నప్పుడు 12.4 వోల్టుల పైన ఉండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందకి పడిపోతుంటే ఆ డౌన్‌లోనే మాడ్యూల్స్ ఆగి లేచి ఉత్తుత్తి కోడ్లు పెట్టేస్తాయి. తర్వాత ఫ్యూజులు, తర్వాత ఎర్తు, అంటే మైనస్ వైరుని బండి బాడీకి బోల్టుతో బిగించే చోటు. ఎర్తుని కంటితో చూసి బాగుంది అనేయకండి, కీ ఆన్ చేసి హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి, వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒక పుల్ల మాడ్యూల్ ఎర్తు పిన్ను దగ్గర, ఇంకోటి బ్యాటరీ మైనస్ మీద పెట్టండి, 0.1 వోల్టు దాటితే ఆ బోల్టు విప్పి తుప్పు గీకి మళ్లీ బిగించాల్సిందే.

ఇవన్నీ బాగుంటే అప్పుడు క్యాన్ లైన్. ఒకదానికొకటి మెలేసుకున్న రెండు సన్నటి వైర్లు, మాడ్యూల్స్ మాట్లాడుకునేది వాటి మీదే. ఆ లైనుకి రెండు చివర్లా ఒక్కో 120 ఓమ్స్ రెసిస్టర్ ఉంటుంది, చాలా బళ్లలో అవి మాడ్యూల్స్ లోపలే ఉంటాయి. బ్యాటరీ మైనస్ తీసి ఓ పది నిమిషాలు ఆగి, స్టీరింగ్ కింద స్కానర్ గుచ్చే ఓబీడీ పోర్టులో 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ కొలవండి. 60 వస్తే మంచిదే. 120 వస్తే ఒక చివర తెగింది, సున్నా దగ్గరికొస్తే రెండు వైర్లూ ఎక్కడో అంటుకున్నాయి. పోర్టుకీ లోపలి లైనుకీ మధ్య గేట్‌వే అనే మాడ్యూల్ ఉన్న కొత్త బళ్లలో మాత్రం పోర్టు దగ్గరి లెక్క లోపలి లైనుది కాకపోవచ్చు, వాటికి వైరింగ్ డయాగ్రమ్ ఉండాల్సిందే.

మైనస్ తిరిగి పెట్టి కీ ఆన్ చేసి, ఎర్తుకి వోల్టేజ్ కూడా చూడండి. 6వ పిన్నులో రెండున్నరకి కాస్త పైన, 14లో కాస్త కింద ఉండాలి. ఏదైనా 12 చూపిస్తే పవర్ వైరుకి, సున్నా చూపిస్తే ఎర్తుకి అంటుకుంది. అప్పుడు మాడ్యూల్స్ ఒక్కొక్కటే ఊడదీస్తూ రండి, దేన్ని తీస్తే మల్టీమీటర్ లెక్క మామూలవుతుందో తప్పు అందులోనో దాని వైరులోనో ఉన్నట్టు. పసుపు కనెక్టర్ ఎయిర్‌బ్యాగ్‌ది, దాన్ని బ్యాటరీ తీయకుండా ముట్టుకోవద్దు.

పోయినేడు గుణుపురం వైపు నుంచి ఒక బండి తోసుకుంటూ వచ్చింది. అప్పటికే వేరే షాపులో ఈసీఎం మార్చాలన్నారట, బండి ఓనరు మొహం వాడిపోయి ఉంది, "బాబూ ఏటైపోనాది నా బండికి" అని ఒకటే అడుగుతున్నాడు. పోర్టు దగ్గర ఓమ్స్ కొలిస్తే 120. ఈసీఎం వైపు లైను పట్టుకుని వెళ్తే బ్యాటరీ ట్రే కింద టేపు చిరిగి ఉంది, లోపల ఎలుక కొరికిన వైరు, రాగి అంతా పచ్చగా చిలుం పట్టి, వేలితో అంటే పొడిగా రాలిపోయింది. వరి కుప్పల పక్కన బండి పెట్టే ఊళ్లలో ఇది మామూలే. పాత ఈసీఎంతోనే ఆ సాయంత్రం స్టార్టయింది.

అతుకు వేసేటప్పుడు మెలిక మొత్తం విప్పేయకండి, రెండంగుళాలు చాలు, ఆ మెలికే బయటి నాయిస్‌ని, అంటే పక్క వైర్ల కరెంటు అలజడిని, ఆపేది. చిలుం పట్టినంత మేరా కోసేసి, రెండు అతుకులూ పక్కపక్కన రాకుండా ముందూ వెనకా వేసి, టంకం పెట్టి హీట్ ష్రింక్ తొడగండి. చెక్ చేయడానికని వైరుకి సూది గుచ్చొద్దు, ఆ చిల్లులోంచే నీళ్లు దిగుతాయి.

ఆఖర్న కోడ్లు చెరిపేసి, గతుకుల రోడ్డు మీద ఓ పది కిలోమీటర్లు తిప్పి మళ్లీ స్కాన్ చేయండి. కోడ్ తిరిగొస్తే ఇంజిన్ ఆన్‌లో ఉంచి వైర్ల కట్టని జానెడు జానెడు చొప్పున కదుపుతూ వెళ్లండి, డాష్‌బోర్డు మీటర్లో ముల్లు ఎక్కడ పడిపోతే అక్కడ టేపు విప్పండి.